బిడ్డల బడి కాగితములు – ఇంటిలో భద్రపరచు విధము

ఉద్దానము అను మాట ఉద్యానవనము నుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురము మండలములలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన ఈ తీరము శ్రీకాకుళం జిల్లాకు అలంకారము. ఇచ్చటి రైతు తన తోట దస్తావేజును, పట్టాదారు పాసుపుస్తకమును పెట్టె అడుగున గుడ్డలో చుట్టి దాచుకొనును. అడిగిన మరుక్షణమున తీసి చూపగలడు. కాని అదే ఇంటిలో బిడ్డల చదువు కాగితములు ఎచ్చట నున్నవని అడిగినచో, ఒకటి చూరులో నున్నదనియు, ఒకటి గోడ గూటిలో నున్నదనియు, మరియొకటి పాత పుస్తకములతో పాటు తూకమునకు పోయినదేమో యనియు సమాధానము వచ్చును.

తోట కూలినచో మరల నాటవచ్చును. బిడ్డ చదివిన చదువునకు సాక్ష్యము పోయినచో, దానిని మరల సంపాదించుటకు ఎన్నో కార్యాలయముల చుట్టు తిరుగవలసి యుండును. కావున చదువు కాగితములను భూమి కాగితములతో సమానముగా చూడవలెను. ఇందునకు ధనము అక్కరలేదు, గొప్ప విద్య యును అక్కరలేదు. కొంచెము క్రమము కావలెను.

ఈ ప్రాంతమున ఇంత జాగ్రత్త యెందుకు?

మొదటి కారణము తుపాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద తీరము దాటినది. సరిగా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్టణమును తాకినది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపముననే తీరము దాటినది. అప్పుడు గాలి గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో వీచినది. కొబ్బరి చెట్లు వేళ్లతో సహా కూలినవి, ఇండ్ల పైకప్పులు ఎగిరిపోయినవి. ఈ మూడును అక్టోబరు నెలలోనే వచ్చిన సంగతి గమనింపదగినది. జూన్‌లో తెరచిన బడిలో బిడ్డ నాలుగు నెలలు వ్రాసిన వ్రాతలన్నియు ఇంటిలో చేరి యుండు కాలమది.

రెండవ కారణము వలస. తీరపు మత్స్యకారులు వేటకై గుజరాత్‌లోని వెరావల్ వరకు పోవుదురు. మరికొన్ని కుటుంబములు పనికై విశాఖపట్టణము, హైదరాబాదు నగరములకు తరలుచుండును. తల్లిదండ్రులతో బిడ్డలును కదలినప్పుడు, క్రొత్త ఊరి బడిలో మొదట అడుగునది కాగితమే.

రెండు విధముల కాగితములు

బడి కాగితములన్నిటిని ఒకే కట్టగా కట్టుట వలన చిక్కు కలుగును. వానిని రెండుగా విభజింపవలెను.

మొదటివి బ్రతుకంతయు ఉండవలసినవి. జనన ధ్రువపత్రము, ఆధార్ కార్డు, కుల ధ్రువపత్రము, బడి మారినప్పుడిచ్చు బదిలీ పత్రము, ఏ తరగతి ఏ ఊరిలో చదివినదియు తెలుపు స్టడీ సర్టిఫికెట్లు, 10వ తరగతి మార్కుల పత్రము ఇందులో చేరును. స్టడీ సర్టిఫికెట్లను చాలమంది తేలికగా చూతురు. పై చదువులలో ప్రవేశమునకును, ఉద్యోగములకును అభ్యర్థి ఏ ప్రాంతమునకు స్థానికుడో తేల్చునప్పుడు వీనినే అడుగుదురు. ఒక్క సంవత్సరపు పత్రము లోపించినను పని ఆగిపోవచ్చును.

రెండవవి ఏడాది పనికి వచ్చునవి. వ్రాతపుస్తకములు, ఇంటిపని కాగితములు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్షల జవాబు పత్రములు, ప్రగతి పత్రములు ఈ కోవకు చెందును. మొదటివానిని పెద్దలు కాపాడవలెను. రెండవవానిని బిడ్డయే కాపాడుకొనునట్లు నేర్పవలెను.

పెట్టెను సిద్ధపరచుట

బ్రతుకు కాగితములకు ఒక రేకు పెట్టె చాలును. పలాస–కాశీబుగ్గలో జీడిపప్పు నింపి పంపు చదరపు రేకు డబ్బా మూత బిగువుగా నున్నచో చక్కగా ఉపయోగపడును. దానిని కడిగి, ఎండలో బాగుగా ఆరబెట్టి, అడుగున పాత నూలుగుడ్డ పరచవలెను. బిడ్డకొక్కటి చొప్పున మందపు ప్లాస్టిక్ సంచి ఉంచి, అందులో ఆ బిడ్డ కాగితములను మడత లేకుండ పెట్టవలెను. చదువురాని తల్లియైనను గుర్తుపట్టునట్లు ఒక్కొక్క సంచికి ఒక్కొక్క రంగు దారము కట్టుట మంచిది. ఎఱ్ఱ దారము పెద్దదానిదనియు, పచ్చ దారము చిన్నవానిదనియు ఇంటిలో అందరికిని తెలిసి యుండవలెను.

ఉప్పుగాలి వీచు చోట గుండుసూదులు, ఇనుప క్లిప్పులు త్వరగా తుప్పు పట్టి కాగితమును తినివేయును. వానిని తీసివేసి, తెల్లకాగితపు కవరులో విడిగా నుంచవలెను. చిరిగిన చోట అంటు టేపు వేయరాదు. అది కొంతకాలమునకు పసుపు వన్నెకు మారి అక్షరములను పాడుచేయును. అసలు పత్రమునకు లామినేషన్ చేయించుటయు మంచిది కాదు. వేడికి అతికిన ప్లాస్టిక్ పొర మరల ఊడదు. దానిపై అధికారి వ్రాయుటకు గాని, ముద్ర వేయుటకు గాని వీలుండదు.

మన పూర్వులు తాళపత్ర గ్రంథములను గుడ్డలో చుట్టి, పురుగు పట్టకుండ వసకొమ్మును, వేపాకును ఉంచెడివారు. ఆ పద్ధతి నేటికిని పనికివచ్చును. బాగుగా ఎండిన వేపాకును చిన్న గుడ్డమూటగా కట్టి పెట్టె మూల నుంచవలెను. పచ్చి ఆకు పెట్టినచో తేమ చేరి బూజు పట్టును. పెట్టెను నేలపై నుంచక, చెదలు చేరని ఎత్తైన చోట, ఒక్క చేతితో దింపుకొనగల చోట నుంచవలెను. తుపాను హెచ్చరిక వచ్చి రక్షణ కేంద్రమునకు పోవలసినప్పుడు, బిడ్డతోపాటు ఆ పెట్టెయును చేతికి అందవలెను. ఇదియే మన ఏర్పాటునకు పరీక్ష.

పేరు, తేదీ సరిచూచుట

కాగితము ఉన్నంత మాత్రమున చాలదు. కాగితములన్నియు ఒకే మాట చెప్పవలెను. జనన పత్రములో ఒక పేరు, ఆధార్‌లో ఇంటిపేరు లేకుండ మరియొక పేరు, బడి రిజిస్టరులో ముద్దుపేరు ఉండుట మన పల్లెలలో కలదు. పూర్వము బడిలో వేయునాడు వయస్సు ఉజ్జాయింపుగా చెప్పగా, ఉపాధ్యాయుడు ఏదో ఒక తేదీ వేసెడివాడు. బడి రిజిస్టరులో నున్న పేరును, తేదీయును 10వ తరగతి పత్రములోనికి ఎక్కును. పరీక్షకు పేర్లు పంపకముందు దిద్దుట సులభము. ఆ తరువాత దిద్దుట కష్టము. కావున బిడ్డ 5వ తరగతిలో నున్నప్పుడే కాగితములన్నిటిని ప్రక్కప్రక్కన పెట్టి, ఒక్కొక్క అక్షరమును పోల్చి చూడవలెను. తల్లిదండ్రులకు చదువు రానిచో ఉపాధ్యాయుని సహాయము కోరవచ్చును.

జనన మరణముల నమోదు చట్టము 1969లో వచ్చినది. బిడ్డ పుట్టిన 21 దినములలో తెలిపినచో రుసుము లేకుండ నమోదు చేయుదురు. 2023లో ఈ చట్టమునకు సవరణ జరిగి, ఆ ఏడు అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ తేదీన గాని, తరువాత గాని పుట్టిన వారికి బడి ప్రవేశము మొదలగు పనులలో పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారము. పేరు పెట్టకముందే నమోదు చేయించిన తల్లిదండ్రులు, పేరు పెట్టిన వెంటనే దానిని రిజిస్టరులో చేర్పించుకొనవలెను.

కాగితము లేదని బిడ్డను ఇంటిలో కూర్చుండబెట్టుట మాత్రము తగదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్న విద్యాహక్కు చట్టము ప్రకారము, 6 నుండి 14 ఏండ్ల బిడ్డకు వయస్సు ధ్రువపత్రము లేదన్న కారణమున బడిలో ప్రవేశము నిరాకరింపరాదు. ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలకు మారు బిడ్డకు బదిలీ పత్రము అందుటలో ఆలస్యమైనదని చేర్చుకొనుట మానరాదు. ఆ పత్రమును ప్రధానోపాధ్యాయుడు వెంటనే ఈయవలెను. ఈ హక్కు ఉన్నదని తెలిసి యుండుట ఎంత అవసరమో, కాగితము భద్రపరచుటయు అంతే అవసరము. హక్కు బిడ్డకు తలుపు తెరచును. ఆ తరువాత మెట్లు ఎక్కుటకు కాగితము కావలెను.

ఏటి వ్రాతలను సర్దు పద్ధతి

బిడ్డ వ్రాతలకు ఒక అట్టపెట్టె చాలును. ప్రతి కాగితముపై మొదట తేదీ వేయుట, తరువాత విషయము పేరు వ్రాయుట అలవాటు చేయవలెను. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, గణితము, సామాన్య శాస్త్రము, సాంఘిక శాస్త్రము అని వేరువేరుగా పురికొసతో కట్టి యుంచవలెను. రేపు బడికి ఈయవలసిన ఇంటిపనిని అన్నిటికంటె పైన పెట్టవలెను. ఆదివారము నాడు అరగంట కేటాయించి వారపు కాగితములను సర్దినచో, పరీక్షల వేళ వెదకులాట యుండదు.

ఈ కట్టలు తల్లిదండ్రులకు అద్దము వంటివి. జూలైలో వ్రాసిన లెక్కల పరీక్షను, సెప్టెంబరులో వ్రాసినదానిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, ఎఱ్ఱసిరా గుర్తులు తగ్గినవా, పెరిగినవా యని అక్షరము రాని వారికిని తెలియును. జీడి కర్మాగారములో పగలంతయు పనిచేసి వచ్చిన తల్లి, రాత్రి ఐదు నిమిషములు బిడ్డచేత ఆ కాగితములు చదివించుకొని వినినచో, తన చదువును ఇంటిలో గమనించువారున్నారని బిడ్డకు తెలియును. తప్పులు కనబడినప్పుడు మందలించుటకంటె, ఎచ్చట తడబడితివని అడుగుట మేలు. దండన భయము కలిగిన బిడ్డ తక్కువ మార్కుల కాగితమును దాచివేయును.

ఏడాది చివర అంతయు దాచనక్కరలేదు. ప్రగతి పత్రమును, ప్రతి విషయము నుండి మంచి వ్రాత ఒకటి రెండింటిని, బిడ్డ వేసిన బొమ్మను ఉంచి, మిగిలిన ఖాళీ పుటలను కుట్టి చిత్తుపుస్తకముగా చేసికొనవచ్చును.

చవితి నాటి సర్దుబాటు

వినాయక చవితి నాడు మన బిడ్డలు తమ పుస్తకములకు పసుపు రాచి స్వామి ముందుంచుదురు. ఈ పండుగ తుపానుల అక్టోబరుకు ముందే వచ్చును. ఆ వారములోనే బ్రతుకు కాగితముల పెట్టెను దింపి, ఎండ తగలని చోట గాలికి ఆరబెట్టి, వేపాకు మార్చి, ఏ పత్రము లోపించినదో చూచు ఆచారమును ప్రతి ఇల్లును ఏర్పరచుకొనవచ్చును. ఏ పండుగ చేయువారైనను సెప్టెంబరు ముగియులోగా ఈ పని పూర్తిచేయుట మంచిది.

అప్పుడే ఒక సూచిక పత్రము వ్రాయవలెను. జనన నమోదు సంఖ్య, బడి ప్రవేశ సంఖ్య, చేరిన సంవత్సరము, విడిచిన సంవత్సరము, 10వ తరగతి హాల్ టికెట్టు సంఖ్య ఇందులో నుండవలెను. అసలు పత్రము పోయినను, ఈ సంఖ్యలున్నచో నకలు పొందుట తేలికగును. సూచికను, జిరాక్సు ప్రతులను టెక్కలిలో గాని, తీరమునకు దూరమైన మరియొక ఊరిలో గాని ఉన్న మేనమామ ఇంటనో, పెద్దనాన్న ఇంటనో ఒక కట్టగా ఉంచవలెను. ఫోనులో ఫోటోలు తీసి యుంచుటయు, 2015లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన డిజిలాకర్‌ను వాడుటయు మేలే. ఐనను, పెనుగాలికి విద్యుత్తు స్తంభములు కూలినచో ఫోను మూగబోవును. కాగితమునకు ఫోను తోడు మాత్రమే.

తడిసినచో చేయవలసినది

తడిసి అంటుకొన్న కాగితములను బలవంతముగా విడదీయరాదు. మండుటెండలో వేయరాదు, ఇస్త్రీపెట్టెతో రుద్దరాదు. శుభ్రమైన పొడిగుడ్డపై పరచి, నీడలో గాలి తగులునట్లు ఆరనీయవలెను. సగము ఆరిన తరువాత, విడివడు పుటల నడుమ పొడి తెల్లకాగితములు పెట్టి, అవి తడి పీల్చగానే మార్చుచుండవలెను. రెండు దినములు దాటినచో బూజు పట్టును, కావున ఆలస్యము చేయరాదు. పూర్తిగా ఆరిన పిదప బరువు క్రింద నుంచినచో ముడుతలు పోవును.

పొదుపు సంఘములలోను, పఠన కూటములలోను చర్చింపదగిన ప్రశ్నలు

1. మీ బిడ్డ జనన పత్రము, ఆధార్, బడి రిజిస్టరు మూడింటిలోను పేరు, తేదీ ఒక్కటిగా నున్నవా?

2. ఈ రాత్రియే ఇల్లు విడువవలసి వచ్చినచో, బిడ్డల కాగితములను ఎన్ని నిమిషములలో తీసికొనగలరు?

3. మీ కాగితముల ప్రతులు మీ ఇంట గాక మరి యెచ్చటనైన నున్నవా?

4. ఈ నెలలో మీ బిడ్డ వ్రాసిన వ్రాతలలో ఒక్కదానినైనను మీరు చదివించుకొని వింటిరా?