మంచము మోసిన నలుగురు

పాఠ్యభాగము: మార్కు 2:1–12



ప్రభువు కపెర్నహూములో ఇంట నున్నాడని విని జనులు కూడివచ్చిరి. వాకిటనైనను చోటు లేకపోయెను. పక్షవాయువుగల యొకనిని నలుగురు మోసికొని వచ్చిరి గాని గుంపు వలన దారి దొరకలేదు. వారు ఇంటికి మరలిపోలేదు. పైకప్పు విప్పి మంచమును దింపిరి. ఆ నలుగురి పేర్లు సువార్తలో లేవు. రోగి నోట ఒక్క మాటయు లేదు. ప్రభువు చూచినది మోసికొని వచ్చినవారి విశ్వాసమును. తీవ్రమైన మానసిక వ్యాధిగల తోబుట్టువును మోయుచున్న వారిని మనస్సునందుంచుకొని ఈ భాగమును చదువుదము.

1. మంచము మీద నున్నది ఎవరు?

హైదరాబాదునకు పడమట మాదాపూరులో 1998లో సైబర్ టవర్స్ తెరువబడెను. దాని చుట్టు హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూరు పెరిగి, ఆ ప్రాంతమునకు సైబరాబాదు అను పేరు వచ్చెను. మన గ్రామముల బిడ్డలు అనేకులు అక్కడ హాస్టళ్లలో నుండి పని చేయుచున్నారు. కొందరు అమెరికా వారి పగటికి సరిపోవునట్లు రాత్రులు మేలుకొనవలెను.

స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి వ్యాధులు తరచుగా పదునెనిమిది మొదలు ముప్పది యేండ్ల లోపుగా మొదటిసారి బయటపడును. అనగా బిడ్డ ఇల్లు విడిచి పట్నము చేరు వయస్సే అది. పని వలననే జబ్బు వచ్చెనని చెప్పుట సరికాదు. వంశము, మెదడు, మత్తుపదార్థములు, నిద్రలేమి, మనస్సుపై భారము, ఇవన్నియు కలియవచ్చును. అయితే నిద్ర తప్పినప్పుడు, ఎవరో వెంటాడుచున్నారని భయపడినప్పుడు, లేని స్వరములు వినబడినప్పుడు కనిపెట్టువారు ప్రక్కన లేకపోవచ్చును. తుదకు హాస్టలు వారు ఫోను చేయునది ఎవరికి? తల్లిదండ్రులు పెద్దవారైరి. అక్కయో అన్నయో తమ్ముడో బయలుదేరవలెను.

ఇది దయ్యమేనని వెంటనే తీర్పు చెప్పువారు మత్తయి 4:24 చదువవలెను. అక్కడ దయ్యము పట్టినవారు వేరుగా, చాంద్రరోగులు వేరుగా, పక్షవాయువుగలవారు వేరుగా చెప్పబడిరి. ప్రార్థనకు తీసికొని వెళ్లుట మంచిదే. మందు మాన్పించి తీసికొని వెళ్లుట ప్రమాదము.

2. దారికి అడ్డమైన గుంపు

హైటెక్ సిటీకి కొద్ది మైళ్ల దూరముననే ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి కలదు. ఆంధ్రలో విశాఖపట్నము ఆసుపత్రి పేరుగన్నది. అయినను వేళాకోళమునకు “నిన్ను ఎర్రగడ్డకు పంపవలెను” అనుట మన నోట మానలేదు. ఆ మాట విని పెరిగిన రోగి ఆ గేటు లోపలికి ఎట్లు రాగలడు? దారికి మొదటి అడ్డు మన నాలుకయే.

రెండవ అడ్డు కొరత. 2015–16లో బెంగుళూరు నిమ్హాన్స్ వారు 12 రాష్ట్రములలో చేసిన జాతీయ సర్వే ప్రకారము, తీవ్రమైన మానసిక వ్యాధిగలవారిలో నూటికి 70 మందికి పైగా చికిత్స లేకయే యుండిరి.

మూడవది చట్టమునకు ఆచరణకు నడుమనున్న దూరము. 2017లో చేయబడి 2018 మే నెలలో అమలునకు వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని బలవంతమునుండి కాపాడుటకు వచ్చినది. గొలుసులతో కట్టుట దానివలన నిషేధింపబడెను. ఆ నిషేధము ఎందుకు కావలసెనో తమిళనాడులోని ఎర్వాడి చెప్పును. 2001 ఆగస్టు 6న అక్కడి యొక ప్రైవేటు ఆశ్రయములో అగ్ని లేచినప్పుడు, గొలుసులతో కట్టబడియున్న రోగులు పారిపోలేక 25 మందికి పైగా చనిపోయిరి.

కావున తోబుట్టువు సంతకము చేసినంత మాత్రమున రోగిని ఆసుపత్రిలో ఉంచజాలరు. రోగి ఒప్పుకొననప్పుడు ఇద్దరు నిపుణులు వేరువేరుగా పరీక్షింపవలెను. వారిలో ఒకరు మానసిక వైద్యుడై యుండవలెను. తనకు గాని పరులకు గాని హాని చేయునట్లుండుటయో, తన్ను తాను చూచుకొనలేని స్థితియో కనబడవలెను. అట్లు చేర్చుకొన్నను మొదట 30 దినములే. ఇది న్యాయమే. గాని ఆ 30 దినముల పిమ్మట రోగి ఎక్కడ ఉండవలెను? కోలుకొనువారికి నడిమి ఆశ్రయములు ఉండవలెనని చట్టము చెప్పుచున్నది. అవి బహు కొద్ది. భారమంతయు మరల తోబుట్టువు ఒడిలోనికే వచ్చును. చాల కంపెనీల ఆరోగ్య బీమా భార్యకు లేక భర్తకు, బిడ్డలకు, తల్లిదండ్రులకు వర్తించును గాని తోబుట్టువులకు వర్తింపదు. తమ్ముని కొరకు అక్క సెలవు అడిగిన, ఏ కారణము వ్రాయవలెనో ఆమెకు తోచదు.

3. కప్పు విప్పుట

వాకిలి మూసికొన్నప్పుడు ఆ నలుగురు కప్పు వైపు చూచిరి. మనకును కొన్ని మార్గములు కలవు.

మొదటిది, 14416 అను నంబరు. టెలి మానస్ అను ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరులో ప్రారంభమాయెను. రాత్రింబగళ్లు తెలుగులో ఉచితముగా మాటలాడవచ్చును.

రెండవది, వ్యాధి నెమ్మదించి మనస్సు తేటగా నున్న దినములలో రోగి తనకు నమ్మకమైన వారిని తన ప్రతినిధిగా నియమించుకొనవచ్చును. తెల్లకాగితముపై వ్రాసి సంతకమో వేలిముద్రయో వేసిన చాలును. తనకు ఎట్టి చికిత్స కావలెనో వద్దో కూడ ముందుగా వ్రాసియుంచవచ్చును. బర్తిమయిని బాగుచేయకమునుపు ప్రభువు అతని కోరిక ఏమని అడిగెను గదా. మనమును రోగిని అడుగుదము.

మూడవది, రోగి దిక్కులేక తిరుగుచున్నట్లు కనబడిన, అతనిని కాపాడి 24 గంటలలో ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చుట పోలీసువారి విధి. లాకప్పులో ఉంచకూడదు. ఈ సంగతి తెలిసిన తోబుట్టువు స్టేషనులో ధైర్యముగా మాటలాడగలడు.

నాలుగవది, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో మానసిక వ్యాధియు చేర్చబడినది. సదరం పరీక్షలో 40 శాతము వైకల్యము తేలినవారికి ధ్రువపత్రము దొరకును.

ప్రతి చీటీని, డిశ్చార్జి కాగితమును, మందుల పేర్లను ఒక సంచిలో భద్రపరచుడి. వైద్యుడు మారినప్పుడు ఆ సంచియే రోగి పక్షమున మాటలాడును.

4. నలుగురు కావలెను

“నలుగురు ఏమనుకొందురో” అని ఇంటివారు జబ్బును దాచుదురు. చెల్లెలి పెండ్లి చెడునని భయపడుదురు. పెండ్లి చేసిన కుదురునని సలహా చెప్పువారును కలరు. పెండ్లి ఈ జబ్బునకు మందు కాదు. తెలియని యింటి బిడ్డపై భారము మోపుట అన్యాయము.

కపెర్నహూములో ఒక్కడే మంచమును వీపున వేసికొని రాలేదు. ఒక్కడే మోసినయెడల కప్పు మీదికి ఎక్కలేకపోయెడివాడు. మన సంఘములో అట్టి ఇంటికి నలుగురు దొరకరా? ఒకరు ఆసుపత్రి దినమున కూడ వెళ్లవచ్చును. ఒకరు నెలకొకమారు మందులు తేవచ్చును. ఒకరు వారమునకు ఒక రాత్రి రోగి యొద్ద నుండి, ఆ అక్కను నిద్రపోనీయవచ్చును. ఒకరు ఆ యింటి సంగతి వీధిలో పొక్కకుండ నోటికి కావలియుండవచ్చును. ఆమె విసిగి ఒక మాట అనినయెడల గద్దింపకుడి. ముందు అన్నము పెట్టుడి. అలసిన ఏలీయాకు దేవదూత బోధింపక మునుపు రొట్టె పెట్టెను.

మరణించినవాని పెట్టె మోయుటకు నలుగురు పిలువకయే వత్తురు. బ్రదికియున్నవాని మంచము మోయుటకు పిలిచినను రానియెడల మన సహవాసము ఏపాటిది?

ఆలోచించుటకు:
1. మన సంఘములో ఈ భారమును ఒంటరిగా మోయుచున్న తోబుట్టువు ఎవరు? వారిని చివరిసారి పలుకరించినది ఎన్నడు?
2. మన ఇండ్లలో ఏ వేళాకోళపు మాటలు మానవలెను?
3. ఆ యింటికి ఈ నెలలో ఏ నలుగురు ఏ నాలుగు పనులు చేయగలరు? పేర్లు వ్రాసికొనుడి.