దుర్లాఖ్ దళం: మనవడికి ఒక ఉత్తరం



కార్ల్స్‌రూహెలో చదువుకుంటూనే అక్కడి స్వచ్ఛంద అగ్నిమాపక దళంలో చేరాలనుందని రాశావు. చాలా సంతోషం నాన్నా. ఆ దళాల చరిత్రలో పెద్దపీట దక్కిన ఊరు నీకు దగ్గర్లోనే ఉంది. ట్రామెక్కితే దిగిపోతావు. దాని పేరు దుర్లాఖ్. శిక్షణ మొదలయ్యేలోపు ఆ ఊరి సంగతి తెలుసుకుంటే, రేపు నీ చేత అన్నిసార్లు అదే పని ఎందుకు చేయిస్తున్నారో అర్థమవుతుంది.

దుర్లాఖ్ 1938లో కార్ల్స్‌రూహెలో కలిసి ఒక పేట అయింది. అంతకుముందు వేరే పట్టణం. కార్ల్స్‌రూహె పుట్టింది 1715లో. దుర్లాఖ్ అప్పటికే పాత ఊరు. నిప్పు ఏం చేయగలదో 1689లో కళ్లారా చూసింది. ఆ ఏడాది ఫ్రెంచి సేనలు ఊరికి నిప్పంటిస్తే, మిగిలిన ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

ఆ కాలపు జర్మన్ పట్టణాల్లో మంటలార్పడం అందరి బాధ్యత. చర్చి గంట మోగగానే ఇంటికొకరు తోలు బకెట్ పట్టుకుని రావాలి. బావి నుంచి మంట దాకా వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ నీళ్లందించాలి. జనానికి కొదవ ఉండేది కాదు. కానీ నిచ్చెన ఎవరు వేయాలి, లోపల చిక్కుకున్నవాళ్లను ఎవరు తేవాలి, ఎవరి మాట వినాలి అన్నది అక్కడికక్కడ కేకల మధ్య తేలాల్సిందే. అందరి పని ఎవరి పనీ కాకుండా పోయేది.

1846లో దుర్లాఖ్ పట్టణ నిర్మాణాధికారి క్రిస్టియన్ హెంగ్స్ట్ ఈ పద్ధతి మార్చాడు. హైడెల్‌బెర్గ్‌లో 1842లో కార్ఖానా పెట్టిన కార్ల్ మెట్స్ దగ్గర పట్టణం కొత్త చేతిపంపు కొన్నది. హెంగ్స్ట్ దాని కోసం ఇష్టపడి వచ్చినవాళ్లతో ఒక దళం కట్టి, వాళ్లకు తర్ఫీదిచ్చాడు.

తర్ఫీదు ఎందుకో ఆ పంపును చూస్తే తెలుస్తుంది. బండి మీద రెండు సిలిండర్లు, వాటిలో పిస్టన్లు, పైన ఏతంలా ఊగే పొడవాటి మీట. మీటకు రెండు కొసలా అడ్డకర్రలుంటాయి. ఇటువాళ్లు కిందికి నొక్కితే అటువైపు పైకి లేస్తుంది. రెండు పిస్టన్లూ వంతులవారీగా నీళ్లను మధ్యలో ఉన్న గాలి గదిలోకి తోస్తాయి. అక్కడ నలిగిన గాలి తిరిగి నీటిని గొట్టంలోకి నెడుతుంది. అందుకే మీట ఎంత ఊగినా ధార తెగదు. కానీ లయ తప్పితే ఒత్తిడి పడిపోతుంది. గొట్టం అవతలి కొసను నిచ్చెన మీద పట్టుకున్న మనిషి, ఎదురుగా మంట ఉండగా, నీళ్లు లేకుండా నిలబడిపోతాడు. కాసేపటికే చేతులు పడిపోతాయి కాబట్టి ఊపు ఆగకుండా మరో జట్టు అందుకోవాలి. ఇవన్నీ మంట దగ్గర నేర్చుకునే పనులు కావు.

మరుసటి ఏడాదే పరీక్ష ఎదురైంది. 1847 ఫిబ్రవరి 28న కార్ల్స్‌రూహెలో రాజాస్థానపు నాటకశాల అంటుకుంది. గ్రాండ్ డ్యూక్ కుటుంబం కూర్చునే బాక్సు దగ్గర గ్యాసు దీపం నుంచి నిప్పు రాజుకుంది. లోపలంతా కలపే. 60 మందికి పైగా చనిపోయారు. సుమారు 5 కిలోమీటర్ల దూరం నుంచి దుర్లాఖ్ దళం పంపుతో వచ్చింది. నాటకశాలను ఎవరూ కాపాడలేకపోయారు. దుర్లాఖ్ వాళ్లు చేసింది మంట పక్కభవనాలకు పాకకుండా ఆపడం. అప్పటి రాజధాని కార్ల్స్‌రూహెకు చిన్న పట్టణం చేసిన ఆ సాయం అందరి కంటా పడింది. కార్ల్స్‌రూహె అదే ఏడాది సొంత స్వచ్ఛంద దళం పెట్టుకుంది. ఇతర పట్టణాలూ అదే దారి పట్టాయి.

జర్మనీలో మొదటి దళం దుర్లాఖ్‌దేనని అక్కడ ఎవరైనా అంటే, మైసెన్ పట్టణంలో 1841లోనే ఒక స్వచ్ఛంద దళం ఏర్పడిందని కూడా గుర్తుంచుకో. ఉల్మ్ నగరంలో కాన్రాడ్ మాగిరుస్ వ్యాయామశాల కుర్రాళ్లను ఈ పనిలోకి తెచ్చాడు. గోడలెక్కడం, తాళ్ల మీద దిగడం వాళ్లకు అలవాటే కదా. 1853లో ప్లోఖింగెన్‌లో ఆయన పిలుపు మీద వివిధ పట్టణాల దళాలు కలిశాయి. నేటి జర్మన్ అగ్నిమాపక సంఘం తన పుట్టుకను ఆ సమావేశం నుంచే లెక్కిస్తుంది.

మన దగ్గర 101కి ఫోన్ చేస్తే వచ్చేది ప్రభుత్వోద్యోగులు. జర్మనీలో 112కి చేస్తే, చిన్న ఊళ్లలో వచ్చేది దాదాపు ఎప్పుడూ వడ్రంగులు, టీచర్లు, రైతులు, విద్యార్థులే. పెద్ద నగరాల్లో జీతం మీద పనిచేసే దళం ఉన్నా, పక్కన స్వచ్ఛంద దళాలూ ఉంటాయి. దేశమంతటా ఇలాంటివాళ్లు దాదాపు 10 లక్షల మంది.

నువ్వు మొదట నేర్చుకునేది 9 మంది జట్టు. నాయకుడొకరు, బండీ పంపూ చూసే డ్రైవరొకరు, కబురందించేవాడొకరు. మిగిలిన ఆరుగురూ మూడు జతలు. ఒక జత లోపలికి వెళ్తుంది, ఒక జత నీటి సరఫరా చూస్తుంది, ఒక జత గొట్టాలు పరుస్తుంది. ఎవరి చోటు ఎక్కడో బండి దిగకముందే తెలిసి ఉంటుంది. హెంగ్స్ట్ దుర్లాఖ్‌లో పట్టుబట్టిందీ ఇలాంటి క్రమం కోసమే.

ముందే చెబుతున్నా, మొదటి నెలల్లో గొట్టం చుట్టడం, గొట్టాలను కలిపే కప్లింగ్ బిగించడం తప్ప ఇంకేం ఉండదేమో అనిపిస్తుంది. విసుక్కోకు. చీకట్లో చేత్తో తడిమి కప్లింగ్ పడిందో లేదో చెప్పగలిగేదాకా చెయ్యి. శ్వాస పరికరం తగిలించుకుని పొగలోకి వెళ్లాలంటే వైద్యపరీక్ష నెగ్గాలి, ప్రత్యేక శిక్షణ ముగియాలి. అప్పటిదాకా ఎవరు బతిమాలినా లోపల అడుగుపెట్టకు. వెళ్లే రోజు వచ్చాక జతగాణ్ని విడిచి ఒక్క అడుగైనా వేయకు. వాళ్ల ఆదేశాలు జర్మన్‌లో పొట్టిగా ఉంటాయి. అర్థం కాకపోతే తలూపకుండా మళ్లీ అడుగు.

ఆ 9 మందిలో నీకు ఏ చోటు ఇచ్చారో వచ్చే ఉత్తరంలో రాయి. మీ అమ్మకు ఈ సంగతులన్నీ నేను నెమ్మదిగా చెబుతాను.

ఇట్లు,
మీ తాతయ్య