ప్రశ్నలు - జవాబులు: రిఫండ్ పేరుతో మెయిల్ వచ్చిందా?

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని. ‘మీ ఆదాయపు పన్ను రిఫండ్ మంజూరైంది, 24 గంటల్లో కార్డు వివరాలు ఇవ్వకపోతే రద్దవుతుంది’ అని మెయిల్ వచ్చింది. ప్రభుత్వ చిహ్నం ఉంది, నా పేరు కూడా సరిగ్గా రాశారు. నమ్మొచ్చా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నమ్మకండమ్మా. చిహ్నం ఎవరైనా అతికించుకోవచ్చు. పేర్లు, మెయిల్ ఐడీలు ఎక్కడెక్కడి నుంచో లీకై చేతులు మారుతున్నాయి. రిఫండ్ ఏదైనా ఉంటే మీరు ముందే ధ్రువీకరించిన బ్యాంకు ఖాతాలో నేరుగా పడుతుంది. పిన్, పాస్‌వర్డ్, కార్డు వివరాలు ఆదాయపు పన్ను శాఖ మెయిల్‌లో అడగదు.

మీ ఫోన్‌లో పంపినవాళ్ల పేరు ఒక్కటే కనిపిస్తుంటుంది. దాని మీద నొక్కితే అసలు చిరునామా బయటపడుతుంది. శాఖ వెబ్‌సైటు ‘ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్’. మోసగాళ్లు దాన్నే ముందు పెట్టి, చివర ‘డాట్ రిఫండ్-ఫలానా డాట్ కామ్’ అని తగిలిస్తారు. మనం ఎడమ నుంచి చదువుతూ ‘గవ్’ కనబడగానే ఆగిపోతాం. చివరి ముక్కలు చూడండి, ఆ సైటు ఎవరిదో అక్కడ తెలుస్తుంది. పంపినవాళ్ల చిరునామా సరిగ్గా ఉన్నా లింకు మాత్రం నొక్కొద్దు, ఆ చిరునామానీ ఫోర్జరీ చేయగలరు. పోర్టల్ పేరు మీరే టైప్ చేసి, లాగిన్ అయి చూసుకోండి. బ్యాంకుల విషయంలో ఇప్పుడు ఇంకో ఆనవాలు దొరికింది: రిజర్వు బ్యాంకు ఆదేశంతో బ్యాంకులు తమ వెబ్‌సైట్లను ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కి మార్చాయి. అందుకు గడువు 2025 అక్టోబరు 31.

ఆ మెయిల్‌ని వెంటనే డిలీట్ చేయకండి. ‘వెబ్‌మేనేజర్ ఎట్ ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్’కి ఫార్వర్డ్ చేయండి. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, మెయిల్ పక్కన మూడు చుక్కల మీద నొక్కితే ‘రిపోర్ట్ ఫిషింగ్’ అని ఉంటుంది, అదీ నొక్కండి. మీరు పోల్చుకున్నారు సరే, అదే మెయిల్ అందుకున్న ఇంకొకరు పోల్చుకోలేకపోవచ్చు.

ప్రశ్న: మా నాన్నగారు ఇలాంటి లింకులోనే కార్డు నంబరు, ఓటీపీ ఇచ్చేశారు. 38,000 రూపాయలు పోయాయి. తిడతామని రెండు రోజులు మాతో చెప్పలేదు. ఇప్పుడు ఫిర్యాదు చేసి లాభం ఉందా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఉంది. ఇది చదవడం ఆపి ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లిందో ఆ బ్యాంకుకి అక్కడి నుంచి సమాచారం వెళ్తుంది, ఇంకా మిగిలి ఉన్నంత మొత్తాన్ని నిలిపేస్తారు. దొంగలు గంటల్లోనే ఖాతాలు మార్చేసి ఏటీఎంలలో తీసేస్తారు కాబట్టి ఆలస్యమైనకొద్దీ దొరికేది తగ్గిపోతుంది. తర్వాత మీ బ్యాంకుకి చెప్పి కార్డు బ్లాక్ చేయించి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. ‘సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్’లో లావాదేవీ నంబరు, బ్యాంకు మెసేజ్, ఆ మెయిల్ జతచేసి రాతపూర్వకంగానూ ఫిర్యాదు ఇవ్వండి.

ఉన్నమాట చెప్పాలి. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఖాతాదారు ఓటీపీ ఇచ్చిన కేసుల్లో, బ్యాంకుకి తెలియజేసేదాకా జరిగిన నష్టం ఖాతాదారుదే. తెలియజేశాక పోయే ప్రతి రూపాయికీ బ్యాంకుదే బాధ్యత. అందుకే ఇప్పుడైనా చెప్పడం అవసరం.

నాన్నగారిని దయచేసి ఏమీ అనకండి. తిడతారన్న భయంతోనే ఆ రెండు రోజులూ పోయాయి. పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తామంటూ ఇకమీదట కొత్త ఫోన్లు, మెయిళ్లు రావచ్చు. వాళ్లు ఫీజు అడుగుతారు, పైసా కూడా ఇవ్వకండి. ఆ నంబర్లనూ పోలీసులకి ఇవ్వండి.