బీరువాలో దొరికిన ఫిల్మ్ రోలు

బీరువా సర్దుతుంటే ఎప్పుడో తీసి కడిగించని కలర్ ఫిల్మ్ రోలు దొరికిందా? ఏముందో చూద్దామని బయటికి లాగకండి, వెలుతురు తగిలితే బొమ్మలన్నీ పోతాయి. ఫొటో తీసినప్పుడు సిల్వర్ హాలైడ్ స్ఫటికాలపై కొద్ది వెండి పరమాణువులే ఏర్పడతాయి. కంటికి కనిపించని ఈ గుప్త ప్రతిబింబం వేడికి, తేమకు ఏటికేడు చెరిగిపోతుంది. కాబట్టి ఇంకా ఆలస్యం చేయకూడదు.

రోలుపై సీ-41 అని ఉంటే అది మామూలు కలర్ నెగెటివ్. డెవలపర్‌లో దాదాపు 38 డిగ్రీల సెల్సియస్ వద్ద 3 నిమిషాల 15 సెకన్లు ఉంచుతారు. వెండి ఏర్పడినచోటల్లా రంగులు పుడతాయి. తర్వాత బ్లీచ్, ఫిక్సర్ కలిసి వెండినంతా తొలగిస్తాయి. మిగిలేది రంగు మాత్రమే.

స్కానింగ్ నెగెటివ్ నుంచే చేయించండి, ప్రింటు నుంచి కాదు. 36×24 మి.మీ. ఫ్రేమును అంగుళానికి 4000 చుక్కలతో స్కాన్ చేస్తే సుమారు 2.1 కోట్ల పిక్సెళ్ల ఫైలు వస్తుంది. నెగెటివ్‌ను మాత్రం ల్యాబులో వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి.