విత్తనం మార్చడం వేరు, మందు చల్లడం వేరు

సర్వరు అంటే అద్దాల మేడలో ఉండే వస్తువని మనలో చాలామంది అనుకుంటారు. ఆబిడ్స్‌లో సాయంత్రాలు నేను పనిచేసే పుస్తకాల దుకాణంలో అది మెట్లకింద, అట్టపెట్టెల మధ్య ఉంటుంది. లెక్కలన్నీ అందులోనే. ఆ లెక్కల ప్రోగ్రాము పి.హెచ్‌.పి. 7.4 మీద నడిచేది. 7.4కి మరమ్మతులు పంపడం 2022 నవంబరు 28తో ఆగిపోయింది. "మంచిగ నడుస్తోంది గదా, ఎందుకు కదిలిస్తవు?" అనేవారు మా సేటు.

2024 జూన్‌ 6న, విండోస్‌ మీద సి.జి.ఐ. పద్ధతిలో నడిచే పి.హెచ్‌.పి.లో పెద్ద లోపం బయటపడింది. ఎవడో బయటివాడు మన యంత్రంలో తన ఆజ్ఞలు నడిపించవచ్చు. దానికి మరమ్మతుగా 8.1.29, 8.2.20, 8.3.8 వచ్చాయి, 7.4కి ఏమీ రాలేదు. మాది సరిగ్గా అలాంటి యంత్రం. పైగా సేటు ఇంటినుంచి లెక్కలు చూసుకుంటారని ఇంటర్నెట్టుకు తెరిచిపెట్టాం.

కంగారుపడి ఆ రాత్రే 8.3.8 ఎక్కించాను. తెల్లారి బాకీల జాబితాలో పైసా బాకీలేని వాళ్ల పేర్లు! బాకీ లేకపోతే ఆ గడిని మేము ఖాళీగా వదిలేవాళ్లం. 7.4 దృష్టిలో ఖాళీ, సున్నా సమానమే, 8.0 నుంచి కాదు. యంత్రం తప్పని ఒక్కముక్క చెప్పలేదు. బాకీ కట్టమని ఒక పాత ఖాతాదారుకు ఫోను వెళ్లింది. ఆయన మళ్లీ మా మెట్లెక్కలేదు.

మాది పత్తి పండించే ఇల్లు. కొత్తరకం విత్తనమైతే నాన్న ముందు అరెకరం చెలకలో వేసి చూస్తారు; పురుగు పడితే మాత్రం మందుకు ఆగరు. 8.3.7 నుంచి 8.3.8కి పోవడం మందు. 7.4 నుంచి 8కి పోవడం విత్తనం మార్చడం. నేను రెండూ ఒకటే అనుకున్నాను.

మందుకు ఆగితే ఏమవుతుందో 2017 మేలో చూశాం. మైక్రోసాఫ్ట్‌ మార్చి 14నే మరమ్మతు ఇచ్చినా, రెండు నెలల తర్వాత వచ్చిన వాన్నాక్రై ఆంధ్రప్రదేశ్‌ పోలీసు కంప్యూటర్లను కొన్నింటిని పట్టుకుంది. అట్లని మందంతా మంచిదేనా? 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్‌ పంపిన భద్రతా ఫైలు ప్రపంచంలో 85 లక్షల విండోస్‌ యంత్రాలను పడగొడితే, శంషాబాద్‌లో బోర్డింగ్‌ పాసులు చేత్తో రాసిచ్చారు.

ఆ రాత్రి నేను చేయాల్సింది ఇంటర్నెట్టు తీగ పీకడం. సేటు నాలుగురోజులు ఇంట్లో లెక్కలు చూడలేకపోయేవారు, అంతే. ఇప్పుడు ఆదివారాలు, దుకాణాలు మూసి ఫుట్‌పాత్‌ నిండా పాతపుస్తకాలు పరిచినప్పుడు, నాంపల్లి స్టేషను వెనక నా గదిలో పాత లాప్‌టాప్‌ మీద నకలు పెట్టుకుంటాను. కిందటినెల బిల్లులు పాతదానిమీదా కొత్తదానిమీదా నడిపి, మొత్తాలతోబాటు పేర్లు కూడా పోల్చుకుంటాను.

8.3కి మరమ్మతులు 2027 డిసెంబరు 31 వరకే. ఆ సంగతి చెబితే సేటు "మళ్లీనా?" అన్నారు. మళ్లీనే.