కోఠిలో అడుగుపెట్టిన మేనకోడలికి

చి. లహరికి,

కోఠి ఉమెన్స్ కాలేజీలో సీటొచ్చిందని, బడీచౌడీలో హాస్టలు దొరికిందని అమ్మ చెప్పింది. ఆ చుట్టుపక్కల చరిత్ర తెలుసుకోవాలని ఉంది, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి అని మెసేజి పెట్టావు కదా. ఫోనులో చెబితే సగం మర్చిపోతావని కాగితం పట్టాను.

పాత కట్టడాల జాబితా రాసుకుని ఫొటోలు తీసుకుంటూ తిరగకు బిడ్డా. ఒక్క ప్రశ్న పట్టుకుని దాని వెంట పడు. నేనైతే ఇది పట్టుకుంటా: ఇంత ఊరుండగా 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం మీ పేటలోనే ఎందుకు పుట్టింది?

జవాబు కొంత మీ కాలేజీ ఆవరణలోనే ఉంది. ఆ పెద్ద స్తంభాల మేడ 1803లో రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ మొదలుపెట్టిన బ్రిటిష్ రెసిడెన్సీ. దాని చుట్టూ పెరిగిన బజారు నిజాం రాజధానిలోదే అయినా పెత్తనం రెసిడెంటుది. 1933లో తిరిగి నిజాం చేతికి వచ్చాకే సుల్తాన్ బజార్ అన్న పేరు స్థిరపడింది. అంటే నాలుగు వీధులు దాటితే పాలన మారిపోయేది. సభ జరపాలన్నా సంఘం పెట్టాలన్నా జనం జంకే కాలంలో ఇక్కడ కాస్త ఊపిరాడేది. రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో ఆ గ్రంథాలయం తెరుచుకోవడానికి ఇదొక్కటే కారణమనను. కొమర్రాజు లక్ష్మణరావుగారి లాంటి వాళ్ల పట్టుదల లేకపోతే ఏ బజారైనా ఏం చేస్తుంది? కానీ ఆ ఎల్లను పక్కనపెట్టి కోఠి కథ చెబితే నాకు రుచించదు.

కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసాల ప్రేమకథ నీకు అందరూ చెబుతారు, నేను చెప్పను. పరదా దాటి రాలేని ఆమె కోసం చేయించాడంటారే, ఆ చిన్న నమూనా మేడ, దాన్ని మాత్రం వెతికి చూడు. తర్వాత బస్టాండు దగ్గరి స్మారకస్తంభం చూడు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మనుషులను వెంటబెట్టుకుని రెసిడెన్సీ మీదికి వెళ్లారు. ఎదురుగా ఉన్న ఇళ్లలో మాటువేసి కాల్పులు జరిపారు. ఏ వైపు నుంచి వచ్చి ఉంటారో గోడ వెంట నడిచి నువ్వే ఊహించు. రోజూ బస్సు కోసం అక్కడ నిలబడేవాళ్లలో ఎంతమంది ఆ స్తంభం మీది అక్షరాలు చదివారంటావు?

1908 మూసీ వరద తర్వాత లెనార్డ్ మన్ ఆధ్వర్యంలో గీసిన నగర పటాలు ఇప్పుడు నెట్‌లో దొరుకుతాయి. మీ వీధి ఉన్న షీటు ప్రింటు తీయించి చేత పట్టుకుని నడువు. సందు ఉన్నట్టుండి ఎందుకు వంకర తిరిగిందో పటం చూస్తే తెలుస్తుంది. గూగుల్ చెప్పదు.

మనుషుల్ని అడిగేటప్పుడు "చరిత్ర చెప్పండి తాతా" అనకు, బిగుసుకుపోతారు. "మీ చిన్నప్పుడు ఈ దుకాణంలో ఏం అమ్మేటోళ్లు?" అను. ఒకరు చెప్పింది ఇంకొకర్ని అడిగి చూడు. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో అదే పేజీలో రాసుకో. బేరాలు సాగే వేళ దుకాణదారుణ్ని కదిలించకు. కోఠిలో జరిగిన 2007 ఆగస్టు 25 నాటి పేలుడు సంగతి మాత్రం వాళ్లంతట వాళ్లు ఎత్తితేనే విను. దాన్ని చూసినవాళ్లు ఆ వీధిలోనే ఉన్నారు.

ఇక కాస్త అవతల జాంబాగ్‌లో వివేకవర్ధిని ఉంది. 1921 నవంబరులో అక్కడ సంఘసంస్కర్త కర్వే అధ్యక్షతన సంస్కరణ సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఆపేశారు. ఆ రాత్రే టేకుమాల రంగారావుగారి ఇంట్లో కొందరు కూడి ఆంధ్రజనసంఘం పెట్టారు. ఆ ఇల్లు ఎక్కడుండేదో పటంలో గుర్తుపెట్టగలవేమో చూడు. మాడపాటి హనుమంతరావుగారి 'తెలంగాణా ఆంధ్రోద్యమము' భాషానిలయంలో అడుగు, ముందు అది చదువు. దసరాకు వచ్చేటప్పుడు నీ నోటుపుస్తకం తీసుకురా, కూర్చుని చూద్దాం.

మీ మామయ్య