వేటజాతి కుక్కపిల్లకు తొలి పాఠము: వస్తువు తెచ్చుట

నేరేడ్‌మెట్ ప్రాంతమున ఇండ్లు పెరిగి పొలములు తగ్గినను, ఇక్కడ కాపురముండి కీసర, శామీర్‌పేట వైపు సేద్యము చేయు రైతులు కలరు. కోళ్ల దొడ్డికి, బావికొట్టమునకు కాపలాగా లాబ్రడార్ వంటి వేటజాతి పిల్లను తెచ్చుకొనువారును కలరు. పిల్లకు నాలుగైదు నెలలు వచ్చునప్పటికి కోడిపిల్లను నోట పట్టును, చెప్పులు కొరుకును, పిలిచిన రాదు. అప్పుడు కుక్క చెడ్డదని రేయింబవళ్లు కట్టివేయుదురు. లేదా వీధిపాలు చేయుదురు. నిజమునకు చెడినది కుక్క కాదు, తొలి నెలల పెంపకము.

తెచ్చు గుణము ఎక్కడిది?

వేటజంతువు ఎరను చూచును, పొంచును, తరుమును, పట్టును, చంపును, మోసికొనిపోవును. తరుముట, పట్టుట, మోయుట నిలిపి, చంపు గుణము తగ్గునట్లు మనుష్యులు తరతరములుగా ఏరి పెంచిన జాతులే తెచ్చు కుక్కలు. లాబ్రడార్ పూర్వీకులు న్యూఫౌండ్లాండ్ తీరమున జాలరులకు తోడుగా పని చేసినవి. మన కొల్లేటి ప్రాంతపు జోనంగి జాతి వేటకే గాక బాతుల మందలను కాయుటకును పేరుపొందినది. కావున ఈ గుణమును మనము కొత్తగా పుట్టించనక్కరలేదు, చెడగొట్టకుండిన చాలును.

వేటజాతి కుక్క ఉన్నంతమాత్రమున వేటకు పోరాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము కుందేలు, అడవిపంది, నీటిపక్షులు మొదలగువానిని అనుమతి లేకుండ వేటాడుట నేరము. కుక్కను ఉసికొలిపి పట్టించినను నేరమే. ఈ శిక్షణ ఇంటిపనికి, పొలముపనికి, కుక్కను అదుపులో నుంచుటకు మాత్రమే.

ఎప్పుడు, ఎక్కడ?

ఎనిమిది వారములు నిండి తల్లిని వదలిన పిల్ల కొత్త ఇంట కుదుటపడిన వెంటనే ప్రారంభించవచ్చును. టీకాలు పూర్తి కాని పిల్లను ఇతర కుక్కలు తిరుగు చోటికి కొనిపోరాదు; పార్వో వ్యాధి సోకి చనిపోవు ప్రమాదమున్నది. తొలి పాఠములకు వసారాయే మేలు. రెండు ప్రక్కల గోడలుండి ఒక చివర మూసియున్నచో, వస్తువు దొరికిన పిల్లకు మీవైపు తప్ప వేరు దారి యుండదు. వేసవిలో తెల్లవారుజామున మాత్రమే నేర్పవలెను. లాబ్రడార్ ఒత్తు బొచ్చు గలది. ఎండదెబ్బకు త్వరగా లోనగును.

నేర్పు విధము

పాత మేజోడును మెత్తగా చుట్టి ముడివేయుడు. పిల్లకు చూపి, ఆశ పుట్టించి, ఆరడుగుల దూరమున విసరుడు. అది పరుగెత్తి నోట పట్టగానే మీరు నేలపై కూర్చుండి, పేరుపెట్టి ఉల్లాసముగా పిలువుడు. మీవైపు రాకున్నచో వెంటబడరాదు. వెంటబడిన అది ఆట అనుకొని పారిపోవుట నేర్చును. మీరే వెనుకకు నాలుగడుగులు వేయుడు. పిల్ల మీ వెంట వచ్చును.

దగ్గరకు రాగానే వస్తువును లాగుకొనరాదు. ముందు మెడ, వీపు నిమిరి మెచ్చుకొనుడు. పిమ్మట గడ్డము క్రింద చేయి యుంచి “ఇవ్వు” అని, చిన్న తిండి ముక్క చూపుడు. వదలిన వెంటనే మెచ్చుకొని, మరల విసరుడు. ఇచ్చినచో ఆట ముగియదని దానికి తెలియవలెను. ఇంటిలో అందరును “తే”, “ఇవ్వు” అను ఒకే మాటలు వాడవలెను.

ఒక పూటకు మూడు నాలుగు సార్లు చాలును. పిల్లకు ఇంకను ఆశ ఉండగానే ఆపుడు. వసారాలో తప్పక తెచ్చినపిమ్మట, పదిహేను అడుగుల తేలిక త్రాడు కట్టి పెరటిలో నేర్పవచ్చును.

తరచు జరుగు పొరపాట్లు

పిల్ల యజమాని చెప్పును నోట కరచికొని తోకాడించుచు వచ్చును. అతడు కోపించి కొట్టును. పిల్లకు తెలిసినది ఒక్కటే: నోట వస్తువుతో యజమాని దగ్గరకు పోయిన దెబ్బలు తగులును. మరునాటి నుండి మంచము క్రింద దాగి కొరుకును. ఏది తెచ్చినను మెచ్చుకొని తీసికొనుడు. చెప్పులను మాత్రము ఎత్తున పెట్టుకొనుడు.

గుడ్డను ఇటునటు పట్టి లాగులాడరాదు. పట్టు బిగించుట అలవాటై మెత్తని నోరు పోవును. రాయి విసరిన పళ్లు విరుగును, కర్ర విసరిన నోటిలో గుచ్చుకొనును. కోడి ఈకలు చుట్టిన వస్తువు ఇయ్యరాదు. దొడ్డిలో కోళ్లపై మనసు పోవును. నాలుగవ నెల మొదలు పాలపళ్లు ఊడునప్పుడు చిగుళ్లు నొచ్చును; నొప్పి కనబడిన కొన్నాళ్లు పాఠము మానుడు. మురుగు చేరిన చెరువులో దింపరాదు.

జ్ఞాపకముంచుకొనదగినవి

1. మూడు నెలలు నిండగానే పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించి, పశువైద్యుడు చెప్పినట్లు మరల వేయించుచుండవలెను. ఏ కుక్క కరచినను గాయమును సబ్బుతో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను.
2. పిల్ల వెంట పరుగెత్తరాదు. అదే మీ వద్దకు రావలెను.
3. తెచ్చినదానిని ఎన్నడును దండింపరాదు.
4. కోళ్ల మధ్య త్రాడు లేకుండ పెద్దయగువరకు విడువరాదు.

పిలిచిన వచ్చి, నోటనున్నది చేతికిచ్చు కుక్కను కట్టివేయవలసిన పనియుండదు. ఆ స్వేచ్ఛ దానికి దొరకుట, దొరకకపోవుట మీ తొలి పాఠములపైననే ఆధారపడియున్నది.